గోడలు తుడిచిన పిండి

2018 మే నెలలో అమెరికా పేటెంటు, ట్రేడ్‌మార్కుల కార్యాలయం ఒక వాసనను నమోదు చేసుకుంది. కాస్త వనిల్లా తీపి, కాస్త చెర్రీపండు ఛాయ, వాటి అడుగున ఉప్పు కలిపిన గోధుమపిండి ముద్ద వాసన. ఇవన్నీ కలిసిన పరిమళం, పిల్లలు బొమ్మలు చేసుకునే పిండి విషయంలో, హాస్‌బ్రో అనే ఆటవస్తువుల సంస్థ సొత్తని ఆ దస్తావేజు సారాంశం. ప్లే-డో డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన అది. బొమ్మపిండి అమ్మేవారికే ఈ కట్టడి గనుక మనం చపాతీపిండి కలుపుకోవడానికి హాస్‌బ్రోవారి అనుమతి అక్కర్లేదు లెండి. అయినా పిండీ ఉప్పూ నీళ్ళూ కలిస్తే వచ్చే వాసనకు కూడా ఒక యజమాని ఉండవచ్చునన్న సంగతి నన్ను కొంతకాలం ఆలోచనలో పడేసింది.

పిల్లలకోసం ఇంట్లో బొమ్మపిండి చేసుకునేవారు ఈ మధ్య మన ఊళ్ళలోనూ పెరిగారు. డబ్బా ఖరీదు చూసి కొందరు, అందులో ఏం కలుపుతారో అన్న అనుమానంతో మరికొందరు. వాళ్ళలో చాలామంది తాము చేస్తున్నది అంగడి సరుకుకు ఒక చవక నకలు అనుకుంటారు. చరిత్ర చూస్తే వరస తిరగబడుతుంది. ఇంటి పిండే ముందుది, డబ్బా దాని తరవాతది. పైగా ఆ డబ్బాలోని పిండి మొదట పిల్లలకోసం పుట్టింది కూడా కాదు. అది గోడలు తుడిచే పిండి.

కథ రొట్టెముక్కతో మొదలవుతుంది. పెన్సిలు గీతలు చెరపడానికి రబ్బరు రాకముందు ఐరోపా చిత్రకారులు రొట్టెలోని మెత్తని భాగాన్ని వాడేవారు. రబ్బరుముక్క ఆ పనికి బాగా పనికొస్తుందని జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన పుస్తకంలో రాసుకున్నది 1770లో. (ప్రాణవాయువు పరిశోధనల ప్రీస్ట్‌లీయే.) రొట్టె కాగితం మీది నలుపును ఎత్తేస్తుందన్న ఈ అనుభవమే పెద్ద యెత్తున గోడలకెక్కింది. బొగ్గు పొయ్యిలతో ఇళ్ళు వెచ్చబెట్టుకున్న కాలంలో గోడకంటించిన పూలకాగితాలు ఏడాది తిరిగేసరికి మసిబారిపోయేవి. తడిగుడ్డ పెడితే కాగితం చిరుగుతుంది, రంగు కారుతుంది. అందుకని నిలవ రొట్టెతోనో, పిండిముద్దతోనో పైనుంచి కిందికి అద్దుకుంటూ తుడిచేవారు. ముద్ద నల్లబడితే లోపలికి మడిచి, తెల్లని వైపు మళ్ళీ పైకి తెచ్చేవారు. పూరీపిండి పిసికే చేతికి ఈ కదలిక వేరే నేర్పక్కర్లేదు.

ఈ ఇంటి వాడుకను డబ్బాల్లో పెట్టి అమ్మిన సంస్థల్లో ఒకటి ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటీ నగరంలో ఉన్న కూటోల్. 1912లో మొదలైన సబ్బుల కంపెనీ. మూతబడే దశలో ఉండగా 1933లో క్రోగర్ దుకాణాలవారు గోడకాగితం తుడిచే పిండి చేసిపెడతారా అని అడిగారట. అక్కడ ఎవరికీ ఆ విద్య రాకపోయినా క్లియో మెక్‌వికర్ సరేనని వచ్చాడు. ఆయన సోదరుడు నోవా మెక్‌వికర్ కూర్చుని దాని పాళ్ళు కుదిర్చాడు. గోధుమపిండి, నీరు, ఉప్పు, మరికొన్ని దినుసులు. ఆ ముద్దే కంపెనీని నిలబెట్టింది. 1949లో క్లియో విమాన ప్రమాదంలో మరణించాడు. కొడుకు జో పగ్గాలు అందుకునేనాటికి కాలం మారింది. ఇళ్ళలో బొగ్గు పోయి గ్యాసూ చమురూ వచ్చాయి. మసి లేదు. నీళ్ళతో కడిగినా చెదరని వినైలు గోడకాగితాలూ వచ్చాయి. తుడవడానికి మురికే లేనప్పుడు తుడిచే పిండి ఎవరిక్కావాలి? దానికి తోడు జోకు హాడ్జ్‌కిన్స్ వ్యాధి, అంటే ఒక రకం కాన్సరు, సోకింది. వికిరణ చికిత్సతో బయటపడ్డాడు.

ఇక్కడ వస్తుంది నాకు ఈ చరిత్రలో అందరికన్నా ఇష్టమైన మనిషి. కే జూఫాల్ న్యూజెర్సీలో చిన్నపిల్లల బడి నడిపేది. జోకు దగ్గర బంధువు. బడిలో వాడే మట్టి పసివాళ్ళ వేళ్ళకు లొంగేది కాదు. గోడలు తుడిచే పిండితో క్రిస్మస్ అలంకారాలు చేసుకోవచ్చునని ఎక్కడో చదివి, ఒక డబ్బా కొని తెచ్చి పిల్లల చేతికిచ్చింది. మూడేళ్ళవాడు కూడా నొక్కగానే నొక్కుపడే మెత్తదనం. వెంటనే జోకు కబురు పెట్టింది. 1954–55ల నాటి మాట ఇది. కంపెనీవారు దానికి పెట్టబోయిన పేరు ‘కూటోల్స్ రెయిన్‌బో మోడలింగ్ కాంపౌండ్’. అంత పొడుగు పేరు పిల్లలు పలకగలరా అనుకుంటూ, ఆమే, వైద్యుడైన ఆమె భర్తా కలిసి ‘ప్లే-డో’ అన్నారు. ఆటపిండి! మనవాళ్ళు ఎవరైనా పెట్టినా ఇంతకన్నా సూటిగా పెట్టలేరు.

గమనించండి: సరుకు సిన్సినాటీది, ఉపయోగం కనిపెట్టినది ఒక బడిపంతులమ్మ, పేరు పెట్టినదీ ఆమే. ఆమెకు ఆ ఆలోచన తట్టినదీ అప్పటికే ఇళ్ళలో ఎవరో చేస్తున్న పని గురించి చదివి. 1965 జనవరి 26న పేటెంటు మాత్రం నోవా, జో మెక్‌వికర్ల పేర వెలువడింది. చట్టం దృష్టిలో తప్పేమీ లేదు. పేటెంటు పాళ్ళకిస్తారుగాని, ఇది పిల్లలకిస్తే బావుంటుందన్న చూపుకి ఇవ్వరు కదా.

తరవాతి కథ వ్యాపారానిది, త్వరగా ముగిస్తాను. 1956లో రెయిన్‌బో క్రాఫ్ట్స్ అనే పేరుతో వేరే కంపెనీ పెట్టారు. వాషింగ్టన్‌లోని వుడ్‌వర్డ్ అండ్ లోత్రప్ దుకాణంలో అదే ఏడు జనానికి చూపించి అమ్మారు. మొదట ఒకే రంగు, పాలిపోయిన తెలుపు. కొద్దికాలానికే ఎరుపు, పసుపు, నీలం. ప్రకటనలకు డబ్బు లేక, ‘కాప్టెన్ కంగారూ’ అనే టీవీ కార్యక్రమం నడిపే బాబ్ కీషన్‌తో అమ్మకాల్లో 2 శాతం ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. 1965లో జనరల్ మిల్స్ 30 లక్షల డాలర్లకు రెయిన్‌బో క్రాఫ్ట్స్‌ని కొనేసింది. జనరల్ మిల్స్ అంటే పిండిమరల మీద బతికిన కంపెనీ. చివరికి పిండి పిండివారికే చేరిందన్నమాట! ఆపైన చేతులు మారి 1991లో హాస్‌బ్రోకి వచ్చింది.

అసలు పిల్లల చేతికి ముద్ద ఎందుకివ్వాలి అన్న ప్రశ్నకు వెనక్కి వెళ్ళాలి. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల బడి తెరిచిన ఫ్రోబెల్ తన ‘వ్యాపకాల’ జాబితాలో మట్టిపనిని చేర్చాడు. కిండర్‌గార్టెన్ అన్న మాట ఆయనదే. పిల్లలు మట్టితో ఆడుకుంటూ కూర్చునే ఆ బడులు ప్రష్యా ప్రభుత్వానికి ఎంత ప్రమాదకరంగా తోచాయో, 1851లో వాటిని నిషేధించింది. ఫ్రోబెల్ మరుసటి ఏడు పోయాడు. నిషేధం 1860 దాకా ఉంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన ‘పిల్లల ఇల్లు’ తెరిచాక మట్టిని ఇంకో రకంగా చూసింది. ఏదో ఒకటి పిసికి వదిలేయడంకన్నా పిల్లలు చిన్న కుండ, చిన్న ఇటుక లాంటి పనికొచ్చే వస్తువు చేయాలని ఆమె పక్షం. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిన సంగతి చాలామందికి తెలిసిందే. ఇద్దరిలో నా మొగ్గు ఫ్రోబెల్ వైపే. మూడేళ్ళవాడు చేసిన పాము పనికిరాకపోతే ఏం?

మట్టికి ఉన్న చిక్కల్లా ఎండిపోవడం. ఇంగ్లండులో బాత్ నగరపు చిత్రకళోపాధ్యాయుడు విలియం హార్బట్ 1897లో ఎండని మట్టి చేశాడు. సున్నపురాయి పొడి, పెట్రోలియం జెల్లీ, కొవ్వు ఆమ్లాలు కలిపిన ముద్ద. అదే ప్లాస్టిసిన్. 1899లో పేటెంటు వచ్చింది. అంతకుముందే మ్యూనిక్‌లో ఫ్రాంజ్ కోల్బ్ అనే ఔషధాల వ్యాపారి ఇలాంటిదే చేశాడు. మన బడుల దగ్గరి దుకాణాల్లో రంగురంగుల కడ్డీలుగా దొరికే ‘క్లే’ ఈ వంశానిదే. చలికి బిగుసుకుపోయి, వేళ్ళకు జిడ్డు పూసే రకం. పిండిముద్ద వంశం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం నాకు ససేమిరా నచ్చదు.

ఇక మన సంగతి. గోధుమ మన నేలలో ప్రధానమైన పంట కాదు గనుక ఈ పిండిబొమ్మల విద్య మనకు పరాయిదని తేల్చేయవచ్చు. కాని చేగోడీలు చేసేటప్పుడు ఒకసారి ఆగి చూడండి. మరిగే నీళ్ళలో ఉప్పు, కాస్త నూనె వేసి, బియ్యప్పిండి పోసి, మూతపెట్టి ఉక్కనిస్తాం. చెయ్యి పట్టే వేడికి రాగానే మర్దించి, తాళ్ళుగా పేని, చుట్టలు చుడతాం. చన్నీళ్ళతో కలిపితే బియ్యప్పిండి పొడిపొడిగా విరిగిపోతుంది. గోధుమలో ఉన్న గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు దీనిలో లేదు. వేడినీళ్ళు పడ్డాకనే సుమారు 60 డిగ్రీలు దాటుతుండగా పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి, జిగురై, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంట్లో చేసే ఆటపిండిని పొయ్యిమీద కలియబెట్టడంలోని కిటుకు అక్షరాలా ఇదే. ఉప్పు, నూనె, వేడినీళ్ళు, పిండి, మర్దన. చేగోడీపిండికీ ఆటపిండికీ తేడా ఉప్పు పాళ్ళలోనూ, పెద్దవాళ్ళ ఉద్దేశంలోనూ ఉంది. వంట చేస్తున్న అమ్మ పక్కన చేరి, ఇంత ముద్ద అడిగి తీసుకుని పామో పక్షో చేయని పిల్లలు మన ఇళ్ళలో ఎవరు? నాగులచవితి చలిమిడి, మొక్కుకు వెలిగించే పిండి ప్రమిద, పూజకు ముందు ముద్దగా చేసి తమలపాకు మీద కూర్చోబెట్టే పసుపు గణపతి కూడా ఈ చేతిపని చుట్టాలే.

అన్నిటికన్నా దగ్గరి చుట్టం కొండపల్లిలో ఉంది. తెల్లపొణికి కర్రతో బొమ్మ అవయవాలు విడివిడిగా చెక్కి, వాటిని అతకడానికీ, ముక్కూ చెవులూ తీర్చడానికీ అక్కడివారు వాడే ముద్ద పేరు మక్కు. చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి చేస్తారు. ఎండితే కర్రలాగే గట్టిపడుతుంది, ఆ పైన సున్నం పూత, రంగులు. పేటెంటు లేదు, డబ్బా లేదు, వాసనకు హక్కుపత్రం అసలే లేదు. పదార్థం చూస్తే మాత్రం అంగట్లో అమ్మే అతుకుడు ముద్దలకు ఏమీ తీసిపోదు.

చింతపండు ఈ కథలోకి ఇంకో దారినా వస్తుంది. ఆంగ్ల వంటపుస్తకాల ఆటపిండిలో తప్పనిసరిగా కనిపించే దినుసు ‘క్రీమ్ ఆఫ్ టార్టార్’. పేరులో క్రీమ్ ఉన్నా అది తెల్లటి పొడి, ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే పొటాషియం లవణం. కాస్త పులుపు తగిలితే ముద్ద నునుపు దేరుతుంది, బూజు పట్టడం ఆలస్యమవుతుంది. ఆ పులుపు టార్టారిక్ ఆమ్లానిది. చింతపండు పులుపులో ప్రధానభాగం కూడా టార్టారిక్ ఆమ్లమే! అలాగని చింతపండు రసం పోయమని చెప్పను, ముద్ద పులుసు రంగుకు తిరుగుతుంది. నిమ్మరసం చాలు.

ఇంతవరకూ సంతోషంగానే ఉంది. ఇక మింగుడుపడని సంగతి. మా అమ్మమ్మ నేలమీద నూక పడితే ఏరి కళ్ళకద్దుకునే మనిషి. తినే పిండిని తెచ్చి, ఎవరూ తినలేనంత ఉప్పు కలిపి, రంగు పూసి, నాలుగు రోజులు పిసికి పారేయడం ఆమె లెక్కలో ఆట కాదు, అపచారం. ధాత కరువు (1876–78) మాట ఆమె తన పెద్దల నోట విన్నది. ఆ కాలాన్ని చూసినవాళ్ళ ఇంట పెరిగినవాళ్ళకు గింజ వృథా చేయకూడదన్నది నీతివాక్యం కాదు, ఒంటికి పట్టిన భయం.

దీని గురించి చదువుతున్నప్పుడు ఒక తేదీ దగ్గర నాకు చూపు ఆగిపోయింది. అమెరికాలో గోధుమ రైతులకు గిట్టుబాటు ధర ఇచ్చి ప్రభుత్వం కొన్న ధాన్యం గాదెలు పొంగి పొర్లుతుండగా, 1954 జూలైలో ఐసెన్‌హోవర్ ‘పబ్లిక్ లా 480’ మీద సంతకం పెట్టాడు. మిగులు ధాన్యాన్ని కొరత ఉన్న దేశాలకు వాటి సొంత నాణేల్లోనే అమ్మే ఏర్పాటు అది. ఆ చట్టం కింద భారత ప్రభుత్వం మొదటి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. ప్లే-డో దుకాణాలకెక్కినదీ 1956లోనే. ఒకే ఏడు, ఒకే దేశపు గోధుమ. కొంత ఓడలెక్కి మన రేవులకు, కొంత రంగు డబ్బాలెక్కి పిల్లల చేతుల్లోకి. ఇందులో ఎవరి నేరమూ వెతకడం నా ఉద్దేశం కాదు. బొమ్మపిండికి ఖర్చయిన గోధుమ గాదెల పక్కన లెక్కలోకే రాదు. కాని మిగులు ఉన్న చోటే తిండి ఆటవస్తువు కాగలదన్నది మాత్రం ఆ తేదీ చెబుతోంది. అమెరికాలోని బాలవిద్యావేత్తల్లోనూ ఈ తర్జనభర్జన ఉంది. ఆకలితో వచ్చే పిల్లలున్న బడిలో బియ్యంతో, పిండితో ఆటలు పెట్టకూడదని కొందరు ఉపాధ్యాయులు ఖచ్చితంగా చెబుతారు. వారి మాట కొట్టిపారేయదగింది కాదు.

మరి మట్టే ఇస్తే? పల్లెలో చెరువుగట్టు బంకమన్ను ఉండగా ఈ చర్చే అక్కర్లేదు. మూడో అంతస్తులో అద్దెకుండేవాడికి ఆ మన్ను దొరకదు, నగరపు చెరువుల మన్ను పిల్లల చేతికివ్వాలని నాకూ లేదు. మృచ్ఛకటికంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారుబండి కావాలని ఏడిస్తే, రదనిక చేసిచ్చింది మట్టిబండి. వసంతసేన చూసి జాలిపడి, బంగారుబండి చేయించుకోమని తన నగలన్నీ ఆ మట్టిబండి నిండా పోసింది. ఆ నగలే న్యాయసభలో మైత్రేయుడి చంకలోంచి జారిపడి చారుదత్తుడి మెడకు చుట్టుకున్నాయి. మా చిన్నవాడు పక్కింటి ప్లే-డో డబ్బాలు చూసి వచ్చి అలిగినప్పుడు శూద్రకుడు గుర్తుకొచ్చాడు. వసంతసేన ఎవరూ మా వీధిన రాలేదు గనుక నేను రదనిక మార్గమే పట్టాను.

నేను మైదా కొత్తది వాడను. గడువు దాటి, వంటకు పనికిరాదని పక్కన పెట్టినదాన్ని జల్లించి వాడతాను. అమ్మమ్మ ఉంటే దీనికి పూర్తిగా కాకపోయినా సగం ఒప్పుకునేదని నా నమ్మకం. గిన్నెడు మైదాకు అరగిన్నెడు ఉప్పు, గిన్నెడు నీళ్ళు, పెద్ద చెంచాడు నూనె, పెద్ద చెంచాడు నిమ్మరసం. అన్నీ చల్లగానే ఉండగా ఉండలు లేకుండా కలిపి, అప్పుడు సన్నని సెగ మీద పెట్టాలి. మొదట జావలా ఉంటుంది. చూస్తుండగానే చిక్కబడి, గరిటెను పట్టుకుని అంచులు వదిలేస్తుంది. అప్పుడు దించి, ఆరాక పీటమీద వేసి మర్దించడమే. ఎంత మర్దిస్తే అంత నునుపు. రంగుకు పసుపు చాలు. బీట్‌రూట్ రసం పోస్తే మొదటిరోజు అందంగా ఉండి, తరవాత వెలిసిపోతుంది. మూతబిగువు డబ్బాలో పెడితే కొన్ని వారాలు నిలుస్తుంది.

నాలుగు రోజులకే గట్టిపడుతోందంటే అది గాలి తప్పొక్కటే కాదు. ఉడికిన పిండిపదార్థంలోని పొడుగు గొలుసులు చల్లారాక మెల్లగా మళ్ళీ వరసకట్టి బిగుసుకుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి బిరుసెక్కినట్టే. దీన్ని అడ్డుకోవడమే కంపెనీవారి అసలు విద్య. 2004లో వచ్చిన హాస్‌బ్రో పేటెంటులో కొమ్మలు చాచిన గొలుసులుండే జిగురు రకం పిండిని కలిపే పద్ధతి కనిపిస్తుంది. మనం మాత్రం రెండు చుక్కలు వేడినీళ్ళు చల్లి మళ్ళీ పిసుకుతాం.

ఒక హెచ్చరిక. అరగిన్నెడు ఉప్పంటే సుమారు 150 గ్రాములు. నాలుక పెట్టగానే ఉమ్మేస్తారులే అని పసివాళ్ళను ఒంటరిగా వదలకూడదు. కుక్కలున్న ఇంట్లో మరీ జాగ్రత్త, ఈ ఉప్పుముద్ద మింగితే వాటి ప్రాణానికే ముప్పు. గోధుమ పడని పిల్లలకు మైదా ముద్దా కుదరదు, ప్లే-డో కూడా కుదరదు, అందులోనూ గోధుమే. వాళ్ళకోసం బియ్యప్పిండి రెండు పాళ్ళు, మొక్కజొన్న పిండి ఒక పాలు తీసుకుని, మిగతావన్నీ ఇలాగే వేసి ఉడికించుకోవచ్చు. మైదా అంత సాగదు, లాగితే తెగుతుంది, పాములకు పనికిరాదు. ఉండలకూ పళ్ళేలకూ గిన్నెలకూ మాత్రం భేషుగ్గా ఉంటుంది.